నిజమే చెప్పాను, ఆమె చర్చికి రావడం మానేసింది

ప్రశ్న: మాది గుంటూరు, పట్టాభిపురం. మా చర్చి క్వాయర్‌లో ఒక అమ్మాయి ఈస్టర్‌కి సోలో పాడింది. శ్రుతి తప్పింది. ఆరాధన అయ్యాక నలుగురిలో ఉన్నమాటే అన్నాను: "నీ గొంతు సోలోకి సరిపోదు, గ్రూపులో పాడు" అని. అప్పట్నుంచి ఆమె చర్చికి రావడంలేదు. నాకు ప్రేమ లేదని మా ఆయన అంటున్నారు. ముఖప్రీతికి పొగిడితే అబద్ధం కాదా? ఇంకొక విషయం. మా మరిదికి (మా ఆయన బాబాయి గారి అబ్బాయి) తెనాలి సంబంధం వచ్చింది. అమ్మాయి వాళ్ళమ్మ గారు నాకు కొంచెం తెలుసు. ఫోన్ చేసి "అబ్బాయి ఎలాంటివాడమ్మా" అని అడిగారు. అతను తాగుడు మానడానికి సెంటర్‌లో నెలన్నర ఉండొచ్చాడు. ఎనిమిది నెలలుగా తాగట్లేదు. మా అత్తయ్య గారు నోరెత్తొద్దన్నారు. "మంచివాడేనండి" అని ఫోన్ పెట్టేశాను. రాత్రుళ్ళు నిద్ర పట్టడంలేదు. ఒకచోట నిజం చెప్పి చెడ్డదాన్నయ్యాను, ఇంకోచోట చెప్పక టెన్షన్ పడుతున్నాను. క్రైస్తవురాలిగా ఎలా మాట్లాడాలి?

సమాధానం:

అమ్మా, వందనాలు.

నేను గుంటూరులోనే ఒక ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. మా సంఘంలో పెళ్ళి కుదిరిన జంటలతో కూర్చుని మాట్లాడే పని అయ్యగారు ఇప్పుడు నాకప్పగించారు. వేదాంతం చదువుకున్నదాన్ని కాను. నాలుక వల్ల రెండు రకాలుగానూ దెబ్బతిన్నదాన్ని, ఆ అనుభవంతో రాస్తున్నాను.

మీరు రాసిన రెండు సంగతులూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. క్వాయర్ అమ్మాయికి నిజం చెప్పడానికి మీకు పైసా ఖర్చు కాలేదు. తెనాలి ఆవిడకి చెబితే ఇంట్లో గొడవ, అత్తగారి మూతి విరుపులు, చుట్టాల్లో మాట పడడం. అక్కడ నోరు పెగల్లేదు. కోపం తెచ్చుకోకండి. ముక్కుసూటి మనుషులమని చెప్పుకునేవాళ్ళం చాలామందిమి ఇంతే. చిన్నవాళ్ళ దగ్గర కుండబద్దలు కొడతాం, పెద్దవాళ్ళ దగ్గర అదే కుండని నెత్తిన పెట్టుకుని తొణక్కుండా నడుస్తాం. అందుకే, చెప్పడానికి మరీ సులువుగా ఉన్న నిజాన్ని నేను కొంచెం అనుమానంగా చూస్తాను.

"ప్రేమ కలిగి సత్యము చెప్పుచు" అన్న ఎఫెసీ 4:15 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. చాలామంది దీన్ని ఉప్పూ కారం పాళ్ళలా చూస్తారు. ఇంత నిజం, దానికి ఇంత ప్రేమ, కలిపి వడ్డించెయ్యడమే అనుకుంటారు. అదే అధ్యాయంలో ఇంకాస్త కిందికి దిగండి. 25వ వచనంలో పౌలు అబద్ధం మానమంటూ కారణం కూడా చెబుతాడు: "మనము ఒకరికొకరము అవయవములై యున్నాము గనుక." కాల్లో ముల్లు దిగితే చెయ్యి దాన్ని తీస్తుంది. తీసేటప్పుడు నొప్పి పుడుతుంది, కానీ ఆ నొప్పి చేతి యజమానికే. ఇక 29వ వచనం: "వినువారికి మేలు కలుగునట్లు అవసరమునుబట్టి క్షేమాభివృద్ధికరమైన అనుకూలవచనమే పలుకుడి." అందులో "అవసరమునుబట్టి" అన్న మాట దగ్గర నేను ఏళ్ళ తరబడి ఆగిపోయాను. అవసరం ఎవరిది? వినేవాళ్ళది. ఆ ఈస్టర్ ఉదయం, పాట ముగించి ఇంకా చీర కొంగు కూడా సర్దుకోని ఆ పిల్లకి మీ తీర్పు అవసరమా? తెనాలి తల్లికి మీరు మింగేసిన సంగతి అవసరమా? జవాబు మీకే తెలుసు.

మనది 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన ఊరు. ఇక్కడి లూథరన్ ఇళ్ళలో పుట్టినవాళ్ళం కన్ఫర్మేషన్‌కి (సంఘం ముందు మన విశ్వాసం మనమే ఒప్పుకునే ఆచారానికి) ముందు మార్టిన్ లూథర్ గారి చిన్న క్యాటకిజం, అంటే ప్రశ్నోత్తరాల బోధ పుస్తకం, బట్టీ పట్టినవాళ్ళమే. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్నది మాకు ఎనిమిదో ఆజ్ఞ. (బాప్టిస్టు స్నేహితురాలు తొమ్మిదోదంటుంది, లెక్కపెట్టే తీరు వేరు.) 1529లో లూథర్ దానికి రాసిన వివరణలో పొరుగువాడి మీద అబద్ధాలు చెప్పొద్దు, గుట్టు బయటపెట్టొద్దు, పేరు చెడగొట్టొద్దు అని చెప్పి, అక్కడితో ఆపకుండా, అతని తరఫున మాట్లాడాలి, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసినదానికి వీలైనంత మంచి అర్థం తీయాలి అంటాడు. చిన్నప్పుడు ఇది నాకు వింతగా ఉండేది. అబద్ధం గురించిన ఆజ్ఞలో మంచి చెప్పడం ఎందుకొచ్చింది? కోర్టులో అబద్ధసాక్షి వల్ల నష్టపోయేది పక్కింటివాడే గనుక. ఆ ఆజ్ఞ మొదటి నుంచీ పక్కింటివాడిని కాపాడ్డానికే ఉంది.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, మంగళగిరి దగ్గర హైవే మీద ఒక లారీ స్కూటర్‌ని గుద్దింది. తండ్రికి తొడ ఎముక విరిగింది, పక్కటెముకలు విరిగి ఛాతీలో గొట్టం వేశారు. వెనక కూర్చున్న కొడుకు, ఇంటర్ చదివే పిల్లాడు, తీసుకొచ్చేసరికే పోయాడు. ఆయన తమ్ముడు మా అందరికీ దణ్ణం పెట్టాడు. "అన్నయ్యకి ఇప్పుడే చెప్పొద్దు సిస్టర్, తట్టుకోలేడు" అని. ఆ రాత్రి డ్యూటీ నాది. కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "మా వాడెట్టా ఉన్నాడమ్మా?"

"బాగానే ఉన్నాడు, పై వార్డులో పడుకోబెట్టారు" అన్నాను. జాలితోనే అన్నాను. అబద్ధం ఆడుతున్నానని కూడా తోచలేదు.

పొద్దున్నే చుట్టాలెవరో బత్తాయిలు తెచ్చారు. ఆయన ఒక్క తొన నోట్లో పెట్టుకోలేదు. సంచీ నా చేతికిచ్చి, "మా వాడికియ్యమ్మా, వాడికిష్టం" అన్నాడు. తీసుకున్నాను. తీసుకోక ఏం చేస్తాను? డ్యూటీ రూములో బల్ల కింద పెట్టాను. మర్నాడు మళ్ళీ నాలుగు. మూడో రోజు మధ్యాహ్నం పరామర్శకి వచ్చిన ఒక పెద్దాయన, విషయం తెలిసే ఉంటుందనుకుని, మంచం పక్కన నిలబడి ఏడ్చేశాడట. నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు. బీపీ చూడబోతే చెయ్యి ఇవ్వలేదు. కాసేపటికి, అటు తిరిగే అడిగాడు, "ఆ బత్తాయిలు ఏం చేశావమ్మా?"

తర్వాత మూడు వారాలు ఆయన మా వార్డులోనే ఉన్నాడు. నేను ఏ మాత్ర ఇచ్చినా వేసుకోకుండా, డాక్టరు రౌండ్స్‌కి వచ్చిందాకా గుప్పిట్లో పట్టుకుని ఉండేవాడు. డాక్టరు అవునంటేనే మింగేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పాస్టరు గారు చెప్పగా విన్నాను. పాతకాలపు క్రైస్తవ బిషప్ అగస్టీను క్రీ.శ. 420లో అబద్ధానికి వ్యతిరేకంగా రాసిన పుస్తకంలో సరిగ్గా ఇదే కేసు ఉందట. ప్రాణం మీదున్న రోగి, కొడుకు చనిపోయిన సంగతి తెలియక వాడెలా ఉన్నాడని అడిగితే ఏం చెప్పాలి? ఇలాంటివి వింటే తన మనసు కూడా గట్టిగా కదులుతుందని ఒప్పుకుంటూనే, అప్పుడు కూడా అబద్ధం వద్దంటాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా వార్డులో పదహారు వందల ఏళ్ళ కిందటే ఎవరో నిలబడి చూసినట్టు అనిపించింది. అబద్ధం వద్దన్న మాట నిజమే. కానీ అబద్ధం ఆడకపోవడమంటే అప్పటికప్పుడు అంతా గుమ్మరించడమని నేననుకోను. "మీ వాడి సంగతి మీ తమ్ముడే మీతో మాట్లాడాలి. ఇప్పుడే పిలిపిస్తాను, ఆయన వచ్చిందాకా నేనిక్కడే ఉంటాను" అని స్టూలు లాక్కుని కూర్చుని ఉండాల్సింది. ఆయన గ్రహించేవాడే. కానీ గ్రహించేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండేది, బత్తాయిలు బల్ల కిందికి పోయేవి కావు.

(ఇశ్రాయేలు వేగులవాళ్ళని దాచిన రాహాబు, ఫరో చంపమన్న మగబిడ్డల్ని బతకనిచ్చిన హెబ్రీ మంత్రసానులు అబద్ధమాడలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రాణం తీయడానికి వచ్చినవాడితో మాట్లాడడం వేరే ప్రశ్న, దాని మీద పెద్దపెద్దవాళ్ళే కొట్టుకున్నారు. మీ మరిది పెళ్ళికి ఫరో మనుషులెవరూ రావట్లేదు గనుక దాన్ని వదిలేద్దాం.)

సర్వీసు చివర్లో మాకు ఒక ట్రైనింగ్ ఇచ్చారు, రోగికి చెడువార్త ఎలా చెప్పాలని. క్యాన్సర్ రోగుల కోసం అమెరికా, కెనడా డాక్టర్లు 2000లో రాసిన ఆరు మెట్ల పద్ధతి అది, స్పైక్స్ అంటారు. నన్ను కదిలించిందేమిటంటే, అందులో విషయం చెప్పడం నాలుగో మెట్టు. ముందు తలుపు వేసి కూర్చోవాలి. రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో అడగాలి. అప్పుడు చెప్పాలి. చెప్పాక ఇంకా రెండున్నాయి: వాళ్ళ ఏడుపు, కోపం తట్టుకుంటూ కూర్చోవడం, ఆ తర్వాత ఏం చేద్దామో కలిసి అనుకోవడం. మనం చర్చి మెట్ల మీద, వాట్సాప్ గ్రూపుల్లో నాలుగో మెట్టు ఒక్కటే ఎక్కి దిగిపోతాం.

నాతాను ప్రవక్త అలా చెయ్యలేదు. ఇంకొకడి భార్య బత్షెబని తీసుకుని, ఆమె భర్తని చంపించిన దావీదు రాజు దగ్గరికి వెళ్ళి గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, ఆయన చేతే తీర్పు పలికించి, అప్పుడు "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఇంతవరకు ప్రసంగాల్లో అందరూ చెబుతారు. ఆ తర్వాతది ఎవరూ చెప్పరు. సొలొమోను పుట్టినప్పుడు, దేవుడు ఈ బిడ్డని ప్రేమిస్తున్నాడన్న కబురు మోసుకొచ్చినవాడూ నాతానే. దావీదు ముసలివాడై మంచాన పడ్డప్పుడు గదిలోకి వచ్చి మాట్లాడినవాళ్ళలోనూ ఉన్నాడు. బత్షెబకి పుట్టిన కొడుకుల్లో ఒకడి పేరు నాతాను. ప్రవక్త పేరే పెట్టాడని వాక్యం చెప్పదు గానీ, నేనైతే అలాగే అనుకుంటాను. తన తప్పు ముఖాన చెప్పిన మనిషి పేరు కొడుక్కి పెట్టుకోవాలంటే, చెప్పినవాడు చెప్పేసి వెళ్ళిపోయినవాడై ఉండకూడదు కదా.

క్వాయర్ అమ్మాయి దగ్గరికి వద్దాం. వాళ్ళింటికి వెళ్ళండి. ఫోన్ వద్దు, మెసేజ్ అసలే వద్దు. "ఆ రోజు నలుగురిలో అలా అనడం నా తప్పు, క్షమించు" అనండి. ఆ తర్వాత నోట్లోకి "కానీ" వస్తుంది. రానివ్వకండి. "కానీ నీ మంచికే చెప్పాను" అన్నారంటే వెళ్ళిన పని చెడింది. అలాగని జాలిపడి "నువ్వు చాలా బాగా పాడావు" అని కూడా అనకండి. ఆమెకి తెలుసు తను శ్రుతి తప్పానని. ఇప్పుడు పొగిడితే మీ క్షమాపణ కూడా నమ్మదు.

ఆ పాట సంగతి ఆమే ఎత్తితే అప్పుడు మాట్లాడండి. సోలోలు పాడైపోయేది చాలాసార్లు గొంతు వల్ల కాదు, స్కేలు వల్ల. కీబోర్డు వాయించే తమ్ముడు తన సౌకర్యానికో, రికార్డింగ్‌లో ఉన్నట్టు ఉండాలనో పై స్కేల్లో పెడతాడు. పాడే పిల్ల మొహమాటానికి ఊరుకుంటుంది. చరణంలో పైకి వెళ్ళేసరికి పట్టు తప్పుతుంది. ఒక మెట్టు దింపమని అతనికి చెప్పి, శనివారం ప్రాక్టీసులో మీరు ఆమె పక్కన కూర్చోవచ్చు. మీకు అంత శ్రుతిజ్ఞానం ఉందంటే దేవుడు ఇందుకే ఇచ్చి ఉంటాడు. నేను కూడా ఒకసారి బంధువుల ముందు మా కోడలు చేసిన చేపల పులుసుని ఉప్పు కషాయం అన్నాను. ఉప్పు ఎక్కువైన మాట నిజం. రెండేళ్ళు మా ఇంట్లో చేపల పులుసు లేదు. మూడో ఏడు నేనే చేపలు తెచ్చి, శుభ్రం చేసి, పక్కన నిలబడితే గానీ ఆ పిల్ల గిన్నె పెట్టలేదు.

ముఖప్రీతి అబద్ధమా అని అడిగారు. "భోంచేశారా" అంటే ఆకలితోనే "ఇప్పుడే తిన్నామండి" అనే మన మొహమాటాల మీద నేను ఎక్కువ బుర్ర పాడుచేసుకోను. అడిగినవాళ్ళకీ తెలుసు, చెప్పినవాళ్ళకీ తెలుసు, ఎవరూ మోసపోవట్లేదు. నన్ను భయపెట్టేవి మన చర్చి అబద్ధాలు. "మీ కోసం ప్రార్థన చేస్తాను" అనేసి గేటు దాటేలోపు మర్చిపోవడం అన్నిటికంటే ఎక్కువగా మనం ఆడే అబద్ధమని నా లెక్క. అప్పటికప్పుడు అక్కడే రెండు మాటలు ప్రార్థించేస్తే ఆ బాధ ఉండదు. ఇంకొకటి స్త్రీల కూడికలో చూస్తుంటాను. "ఫలానా వాళ్ళ కుటుంబం కోసం భారంతో ప్రార్థించండమ్మా, ఆయన ఇంటికి సరిగా రావట్లేదట..." అన్నీ నిజాలే. ప్రార్థన మనవి అని పేరు పెట్టి ఒకరి గుట్టు ముప్పై మంది చెవుల్లో వేస్తాం. మనవి మాత్రం దేవుడి దాకా వెళ్ళదు.

ఇక తెనాలి సంబంధం. ఇక్కడ దాటవేసే దారి లేదని నా అభిప్రాయం. వాళ్ళు మిమ్మల్ని అడిగారు. అడిగినప్పుడు మీరు సాక్షి అయిపోయారు. మన చర్చిల్లో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదివి అభ్యంతరముంటే తెలపమనే ఆచారం ఉంది కదా, ఆ మూడు ఆదివారాలూ ఆ బెంచీలో మీరు ఎలా కూర్చుంటారు?

పైగా నర్సుగా ఒక మాట. తాగుడు జబ్బు. మానినవాళ్ళు మళ్ళీ జారే ప్రమాదం తొలి ఏడాదిలో ఎక్కువ, అతనికి ఇంకా ఏడాది నిండలేదు. కొందరికి డైసల్ఫిరాం అనే మాత్ర ఇస్తారు. ఆ మాత్ర మీదున్న మనిషి ఒంట్లోకి ఆల్కహాల్ పోతే గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని దగ్గు మందుల్లోనూ ఆల్కహాల్ ఉంటుంది. అతను దాని మీద ఉన్నాడో లేదో నాకు తెలియదు. కొత్త పెళ్ళికూతురు మొగుడు దగ్గుతున్నాడని ప్రేమగా స్పూనుతో పోసే మందు ఏదో ఆమెకి తెలిసుండాలా వద్దా? ఇది ఆమెకి అవసరమైన నిజం.

అయినా సరే, ముందు ఫోన్ తెనాలికి చెయ్యకండి. మత్తయి 18:15లో "నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు" అన్నది ఒకరు మనపట్ల చేసిన తప్పు గురించే గానీ, వరస ఇక్కడా అదే. అతని గురించిన మాట ముందు అతనితోనే. మీ ఆయన్ని వెంటబెట్టుకుని మరిది దగ్గరికి వెళ్ళండి. "ఆవిడ అడిగితే మంచివాడని చెప్పాను. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం నీ నోటితో చెబితే నీకు గౌరవంగా ఉంటుంది. వచ్చే ఆదివారం దాకా ఆగుతాను. వెళ్తానంటే మీ అన్నయ్య తోడొస్తారు" అనండి. బెదిరింపులా వినబడుతుంది, అందుకే గొంతు తగ్గించి, కూర్చుని, కాఫీ తాగుతూ చెప్పండి. నా అనుభవంలో చాలామంది ఆ సగం దించుకోవడానికి ఎదురుచూస్తూనే ఉంటారు. రోజూ దాచుకుంటూ బతకడం కూడా వాళ్ళని మళ్ళీ గ్లాసు దగ్గరికే తోస్తుంది.

అత్తగారికి తెలియకుండా చెయ్యకండి. "అత్తయ్యా, నేను చెప్పను, అతనితోనే చెప్పిస్తాను" అని ముందే చెప్పండి. ఆవిడ మాట్లాడడం మానేస్తారు. నెలో రెండు నెలలో. ఈ నిజానికి మీరు కట్టాల్సిన ఖరీదు అది, తగ్గించి చెప్పను.

అతను ఒప్పుకోకపోతే మీరే ఫోన్ చెయ్యాలి. మీ కళ్ళతో చూసిందే చెప్పండి. "మొన్న మీకు పూర్తిగా చెప్పలేదమ్మా, మనసు ఒప్పుకోక చేస్తున్నాను. అబ్బాయికి తాగుడు ఉండేది. సెంటర్‌లో ఉండి వచ్చాడు. ఎనిమిది నెలలుగా ముట్టలేదు, అది నేను చూస్తున్నాను. మిగతాది అతన్నే అడగండి." ఎవరో చెప్పగా విన్నవి, ఊహించినవి ఒక్కటీ కలపొద్దు. ఎనిమిది నెలల మాట మాత్రం మర్చిపోవద్దు, అది కూడా సాక్ష్యమే. ఇద్దామా వద్దా అని ఆవిడ అడుగుతారు. ఆ జవాబు మీది కాదు, చెప్పకండి.

సంబంధం తప్పిపోవచ్చు. తప్పిపోతే ఆ కబురు వచ్చిన రాత్రి అతన్ని ఒంటరిగా వదలకండి. మీ ఆయన్ని అక్కడే పడుకోమనండి. మీరు అన్నం క్యారియర్ పంపేట్టయితే ఇద్దరికీ సరిపోయేట్టు పెట్టండి. తలుపు తీయనంటే మీ ఆయన్ని గుమ్మంలోనైనా కూర్చోమనండి.